కుడి భుజం మీద తుపాకీ, ఎడమ కంటిలో గురి

మీకు తెలుసా?

జాతరలో బెలూన్ల తుపాకీ పట్టుకున్న పిల్లవాడు ఎర్ర బెలూన్‌కి గురిపెడితే దాని ఎడమ పక్కనున్న పచ్చ బెలూన్ పేలిందనుకోండి. "వీడికి గురి కుదరదు" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు చెప్పేముందు చూడాల్సింది ఒకటుంది: వాడి రెండు కళ్లలో ఏది పెత్తనం చేస్తోంది అన్నది. కుడిచేతివాటం వాళ్లలో ఎడమ కన్ను పెత్తనం చేసేవాళ్లు చాలామందే ఉంటారు. షూటింగ్ కోచ్‌లు దీన్ని క్రాస్ డామినెన్స్ అంటారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు జాతరలోనో, ఎన్‌సీసీ క్యాంపులోనో మొదటిసారి తుపాకీ పట్టేటప్పుడు ఈ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పరు. ఈసారి కాలమ్ మొత్తం దాని గురించే.

పెద్దగట్టు లెక్క

సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లి. అక్కడి గుట్ట మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి పెద్దగట్టు జాతర జరుగుతుంది. అలాంటి ఏ జాతరలోనైనా బెలూన్ల బోర్డు ముందు ఒక్క నిమిషం నిలబడి, పిల్లలు తుపాకీ ఎలా పడుతున్నారో చూడండి. కుడిచేతివాటం పిల్లవాడు తుపాకీ మడమను కుడి భుజానికి ఆనిస్తాడు. గొట్టం కుడి కంటికి సూటిగా వస్తుంది. కొత్తవాడు కాబట్టి వెనక గాడిని పట్టించుకోడు, రెండు కళ్లూ తెరిచి గొట్టం కొసనున్న గింజను బెలూన్ మీదికి తెస్తాడు.

వాడి మెదడు ఎడమ కంటి మాట వినేదైతే ఏమవుతుంది? ఎడమ కన్ను, గింజ, ఎర్ర బెలూన్ మూడూ ఒకే గీత మీదికి వస్తాయి. గొట్టం మాత్రం ఆ గీత మీద ఉండదు. కుడివైపు నుంచి వచ్చి, గింజ దగ్గర ఆ గీతను దాటి, ఎడమకి పోతుంది. రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు, కంటి నుంచి గింజకి మీటరు అనుకుందాం. గింజ దాటాక ప్రతి మీటరుకీ గుండు మరో 6 సెంటీమీటర్లు ఎడమకి జరుగుతుంది. బోర్డు మూడు మీటర్ల దూరంలో ఉంటే తేడా 12 సెంటీమీటర్లు. సరిగ్గా పక్క బెలూన్! అదే పది మీటర్ల టార్గెట్ అయితే 54 సెంటీమీటర్లు, ఎన్‌సీసీ వాళ్ల 25 మీటర్ల రేంజిలో అయితే దాదాపు మీటరున్నర.

జాతర తుపాకుల గొట్టాలు వంకరపోయి ఉండటం కూడా మామూలే. అందుకని ఒక్క దెబ్బ చూసి తేల్చకూడదు. ఒకే తుపాకీతో పక్క పిల్లవాడు సరిగ్గా కొడుతూ, మీవాడి దెబ్బలు మాత్రం వరసగా ఎడమకే పోతుంటే అప్పుడు కన్ను చూడాలి. ఎడమచేతివాటం ఉండి కుడి కన్ను పెత్తనం చేసే పిల్లలకి ఇదంతా తిరగబడుతుంది, దెబ్బలు కుడికి పోతాయి.

కంటికీ ఒక వాటం

రెండు కళ్లలో ఒకటి ముందుంటుందని రాతలో పెట్టినవాళ్లలో తొలివాడు ఇటలీలోని నేపుల్స్‌కి చెందిన జంబాతిస్తా దెల్లా పోర్తా. 1593లో వచ్చిన తన దృష్టిశాస్త్ర గ్రంథంలో ఆయన ఈ సంగతి రాశాడు. కుడి కంటి ముందు ఒక పుస్తకం, ఎడమ కంటి ముందు ఇంకో పుస్తకం పెట్టుకుని చూస్తే రెండూ ఒకేసారి చదవలేకపోయాడు, ఒక కంటిదే చదవగలిగాడు. దూరాన ఉన్న వస్తువు వైపు కర్ర చాచి, ఒక్కో కన్నే మూసి చూసే పరీక్ష ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది.

ఇక లెక్కకొద్దాం. సుమారు మూడింట రెండు వంతుల మందిలో కుడి కన్ను పెత్తనం చేస్తుంది, మిగతావాళ్లలో ఎక్కువమందికి ఎడమ కన్ను. చేతి విషయంలో ఇలా ఉండదు, పదిమందిలో తొమ్మిది మందిది కుడిచేతివాటమే. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టండి. కోదాడలో 60 మంది కూర్చున్న ఒక క్లాసు తీసుకుంటే, అందులో ఎడమ కన్ను పెత్తనం చేసేవాళ్లు 20 మంది దాకా ఉంటారు, ఎడమచేతివాటం వాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురికీ ఎడమ కన్నే అనుకున్నా, కుడి చేత్తో రాస్తూ ఎడమ కంటితో గురిచూసే పిల్లలు ఇంకా 14 మంది మిగులుతారు. ఇదేదో లక్షలో ఒకరికి వచ్చే లోపం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. అసలు ఇది లోపమే కాదు.

చేతికీ కంటికీ గట్టి లంకె ఎందుకు లేదంటే, కుడి చేతిని నడిపేది ప్రధానంగా మెదడు ఎడమ సగం, ఎడమ చేతిని నడిపేది కుడి సగం. కళ్ల సంగతి వేరు. ఒక్కో కంటి నుంచి వచ్చే నరాల పోగుల్లో దాదాపు సగం అవతలి వైపు దాటుతాయి, మిగతా సగం ఇవతలే ఉండిపోతాయి. అంటే ప్రతి కన్నూ మెదడు రెండు సగాలకీ కబురు పంపుతుంది. అందుకే "కుడి చెయ్యి కాబట్టి కుడి కన్ను" అని ముందే అనుకోవడానికి వీల్లేదు.

పెత్తనం చేసే కన్నే బాగా కనిపించే కన్ను అని కూడా చాలామంది అనుకుంటారు. అలా ఉండాలని ఏమీ లేదు. రెండు కళ్లూ 6/6 ఉన్నవాళ్లలో కూడా ఒకటి ముందుంటుంది. ఒక కన్ను మూసినప్పుడు రెండో కంటికి మసకగా కనిపిస్తుంటే మాత్రం ఆ పిల్లవాణ్ని తుపాకీ దగ్గరికి తీసుకెళ్లేముందు కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పాత పెళ్లికార్డు చాలు

ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఇంట్లో మూలనపడ్డ పెళ్లికార్డు ఒకటి తీసుకుని, నడిమధ్య రూపాయి బిళ్ల పట్టేంత కన్నం చెయ్యండి. పిల్లవాణ్ని మీకు ఎదురుగా, మూడు మీటర్ల దూరంలో నిలబెట్టండి. కార్డును రెండు చేతులతో, చేతులు పూర్తిగా ముందుకు చాచి పట్టుకోమనండి. రెండు కళ్లూ తెరిచే ఉండాలి. ఆ కన్నంలోంచి మీ ముక్కు కొసను చూడమనండి.

మీరు అటునుంచి చూస్తే కన్నంలో వాడి కన్ను ఒక్కటే కనిపిస్తుంది. పెత్తనం దానిదే. వాణ్ని ఏమీ అడగక్కర్లేదు, వాడు పొరపాటు చెప్పడానికీ వీలుండదు. కార్డు దించి, మళ్లీ ఎత్తించి, నాలుగైదుసార్లు చూడండి. కార్డు ఒక్క చేత్తో పట్టుకుంటే ఆ చేతివైపు కంటికి మొగ్గు రావచ్చు కాబట్టి రెండు చేతులూ ఉండాలి. మీరు కూడా వాడికి పక్కకి జరగకుండా తిన్నగా ఎదురుగా నిలబడాలి. చూపు బాగా కుడికో ఎడమకో తిరిగినప్పుడు పెత్తనం ఆ వైపు కంటికి మారిపోతుందని 2001లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలింది.

ఒకసారి కుడి, ఒకసారి ఎడమ వస్తుంటే ఆ పిల్లవాడికి ఏ కన్నూ గట్టిగా పెత్తనం చేయడం లేదని అర్థం. అలాంటివాళ్లూ ఉంటారు. వాళ్లకి చేతివాటం ప్రకారమే నేర్పితే సరిపోతుంది.

పెళ్లికార్డు లేకపోతే రెండు అరచేతులూ చాచి, బొటనవేళ్ల మధ్య చిన్న సందు వదిలి చూసినా ఇదే జవాబు వస్తుంది.

వేలు రెండయ్యే చోట

గోడ గడియారం వైపు చూస్తూ, కళ్ల ముందు ఒక వేలు నిలబెట్టండి. చూపు గడియారం మీదే ఉంచండి. వేలు రెండుగా కనిపిస్తుంది. ఇప్పుడు వేలును చూడండి, గడియారాలు రెండవుతాయి. దగ్గరి వస్తువు, దూరపు వస్తువు రెండూ ఒకేసారి ఒంటిగా కనిపించడం రెండు కళ్లున్న ఎవరికీ సాధ్యం కాదు.

గురి అంటే సరిగ్గా ఇదే చిక్కు. మీటరు దూరంలో గింజ, పదో పాతికో మీటర్ల దూరంలో టార్గెట్. మెదడు రెండు గింజల్లో ఒకదాన్ని ఎంచుకుని రెండోదాన్ని అణిచేస్తుంది. అది ఎంచుకునేది పెత్తనం చేసే కంటి గింజనే. కన్నూ భుజమూ ఒకేవైపు ఉన్నవాడికి ఇదంతా తెలియకుండానే జరిగిపోతుంది. ఆ రెండూ చెరోవైపు ఉన్నవాడికి గింజ మసకబారుతుంది, మాయమై మళ్లీ వస్తుంది. మెల్లగా తల తుపాకీ మీదికి వాలిపోయి, మెడ వంగి, ఎడమ కన్ను గొట్టం మీదికి వచ్చే ప్రయత్నం చేస్తుంది. చెంప మడమ మీద ఆనకుండా మెడ అడ్డంగా వాల్చే పిల్లవాణ్ని చూస్తే "సరిగా పట్టుకో" అని కసురుతాం. వాడి కన్ను తన దారి తాను వెతుక్కుంటోంది, అంతే.

శిస్త్ తీసుకునేటప్పుడు

కర్నల్ సంతోష్‌బాబు సొంతూరు సూర్యాపేట. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో అమరుడైన ఆయనకి ఆ తర్వాత మహావీర చక్ర ప్రకటించారు. ఆ ఊరి పిల్లలకి ఖాకీ డ్రెస్సు అంటే ఎంత మమకారమో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు. సూర్యాపేట నుంచి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ ఇంకా అవతల. షూటింగ్ అకాడమీలు ఉన్నది హైదరాబాద్‌లో. కాబట్టి ఈ మూడు ఊళ్ల పిల్లల్లో చాలామంది నిజమైన రైఫిల్ మొదట పట్టేది ఎన్‌సీసీ శిబిరంలోనే. 1948 చట్టంతో ఏర్పడిన ఎన్‌సీసీలో కేడెట్లకి .22 రైఫిల్‌తో, బోర్లా పడుకుని, 25 మీటర్ల దూరంలోని టార్గెట్ మీద ఫైరింగ్ నేర్పుతారు.

ఆదేశాలన్నీ హిందీలోనే. గురిపెట్టడాన్ని శిస్త్ తీసుకోవడం అంటారు. ఎడమ కన్ను మూసి, వెనక సైటు కన్నంలోంచి కుడి కంటితో ముందు సైటు కొసను చూసి, దాన్ని టార్గెట్ మీద నిలపాలి. వందమంది కేడెట్లకి ఒకే మాట చెప్పి, వరసలో పడుకోబెట్టి, తలా కొద్ది రౌండ్లిచ్చి సాయంత్రంలోపు ముగించాల్సిన చోట అంతకుమించి కుదరదన్నది నిజమే. కానీ ఆ వందమందిలో ఇరవైమందికి పైగా మూసేది తమ పెత్తనం కన్నునే. వాళ్లలో కొందరికి ఎడమ కన్ను ఒక్కదాన్నే మూయడం చేతకాదు. మూయబోతే ముఖం సగం ముడుచుకుపోతుంది, కుడి కన్ను కూడా సగం మూతపడుతుంది. దెబ్బలన్నీ దగ్గరదగ్గరగా ఒకచోట పడితే దాన్ని మంచి గ్రూపింగ్ అంటారు. వీళ్ల దెబ్బలు కాగితం నిండా చెల్లాచెదురవుతాయి, "నీకు ఫైరింగ్ రాదు" అన్న ముద్ర పడుతుంది. శిబిరానికి వెళ్లేముందే కాలేజీ మైదానంలో పెళ్లికార్డు పరీక్ష పెడితే ఒక్కొక్కరికీ అర నిమిషం కూడా పట్టదు. జాబితాలో పేరు పక్కన కు అనో ఎ అనో రాసుకుంటే చాలు.

భర్మారు కాలం

ఈ గడ్డ మీద తుపాకీ నేర్చుకోవడానికి ఇంకో చరిత్ర ఉంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలు గుండెకాయ. మొదట వడిసెలలు, కర్రలు, కారం. ఆ తర్వాత భర్మార్లు. మందూ గుండూ గొట్టం మూతిలోంచి కూరి పేల్చే నాటు తుపాకులవి. కరివిరాల కొత్తగూడెం నుంచి వచ్చిన మల్లు స్వరాజ్యం (1931–2022) పదహారు, పదిహేడేళ్ల వయసుకే దళంలో తుపాకీ పట్టారు. ఆమె అన్న, దళాల నాయకుడు భీమిరెడ్డి నరసింహారెడ్డి తర్వాతి కాలంలో మిర్యాలగూడ ఎంపీ అయ్యారు. స్వరాజ్యం తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో శాసనసభకి ఎన్నికయ్యారు. ఆమె ఆత్మకథ పేరే 'నా మాటే తుపాకీ తూటా'.

భర్మారుతో ఒక గుండు తప్పిందంటే మళ్లీ కూరుకునేదాకా చేతిలో తుపాకీ ఉన్నా లేనట్టే. అలాంటి తుపాకులకి వెనక సైటు సాధారణంగా ఉండదు, ఉంటే గొట్టం కొసన గింజ ఒక్కటే ఆధారం. పైన చెప్పిన పెద్దగట్టు లెక్క అక్షరాలా పనిచేసేది అలాంటి తుపాకీ మీదే. పొలంలో వడిసెల తిప్పినంత కాలం కన్నూ చెయ్యీ తమ పొత్తు తామే కుదుర్చుకుంటాయి, ఎందుకంటే వడిసెలకి భుజం మీద ఆనించే మడమ లేదు, కంటి ముందు నిలిచే గొట్టం లేదు. గొట్టం కంటి ముందుకి వచ్చాకే ఈ తగాదా మొదలైంది.

పిస్టల్‌కి లేని బాధ

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు గెలిచింది. ఆమె ఆట పిస్టల్. పిస్టల్‌ని చెయ్యి చాచి పట్టుకుంటారు కాబట్టి కొద్దిగా జరిపితే, లేదా తల కాస్త తిప్పితే, ఏ కంటి ముందుకైనా వస్తుంది. కుడి చేత్తో పట్టి ఎడమ కంటితో కొట్టినా పెద్దగా నష్టం లేదు. రైఫిల్ అలా కాదు, మడమ భుజానికి, చెంప మడమకి కట్టుబడి ఉంటాయి. గొట్టాన్ని అవతలి కంటి ముందుకి తేవాలంటే మెడ విరగాలి.

అన్నింటికంటే ఎక్కువ బాధ షాట్‌గన్‌తో. హాంగ్‌జౌలోనే ట్రాప్ విభాగంలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చిన కైనన్ చెనాయ్‌ది కూడా హైదరాబాదే. ట్రాప్‌లో 11 సెంటీమీటర్ల వెడల్పున్న మట్టి పళ్లెం గాల్లో దూసుకుపోతుంది, దాన్ని పగలగొట్టాలి. దూరం, వేగం అంచనాకి రెండు కళ్లూ కావాలి, సైటు అంటే గొట్టం కొసనున్న గింజే. అక్కడ కన్ను అడ్డం పడితే పళ్లెం మీదికి ఒక్క రవ్వ కూడా పోదు. అందుకే క్రాస్ డామినెన్స్ ఉన్న షాట్‌గన్ షూటర్లు కళ్లద్దాలకి పెత్తనం కన్ను వైపు, సరిగ్గా గింజ కనిపించే చోట, మసక టేపు చుక్క ఒకటి అంటిస్తారు. పళ్లెం రెండు కళ్లకీ కనిపిస్తుంది, గింజ ఒక్క కంటికే కనిపిస్తుంది. ఎంత తెలివైన ఉపాయం!

0.5 మిల్లీమీటర్లు

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. స్వర్ణం గెలిచిన రుమేనియా షూటర్ మోల్డోవియాను స్కోరు 702.1, గగన్‌ది 701.1. 70 షాట్ల తర్వాత ఒక్క పాయింటు తేడా. ఆ టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటర్లు, మీరు చదువుతున్న ఈ వాక్యం చివర ఉన్న చుక్కంత. కొట్టే పెల్లెట్ దానికంటే లావు, 4.5 మిల్లీమీటర్లు.

చెవులు వినిపించని హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ బ్రెజిల్‌లో 2022 మేలో జరిగిన డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం తెచ్చింది కూడా ఈ ఆటలోనే.

ఈ ఆటలో వెనక సైటు ఒక చిన్న కన్నం, ముందు సైటు ఒక ఉంగరం. కన్నం వెనక కన్ను, ఉంగరం మధ్యలో నల్ల చుక్క. కన్నంలోంచి ఒక్క కన్నే చూడగలదు కాబట్టి కుడి భుజం మీద పెట్టి కుడి కంటితోనే కొట్టే క్రాస్ డామినెన్స్ షూటర్లు చాలామంది రాణిస్తారు. వాళ్లు చేయాల్సిందల్లా ఎడమ కన్ను నోరు మూయించడం. నోరు మూయించడం అంటే కన్ను మూయడం కాదు. ఎందుకో చూడండి.

కన్ను మూస్తే కనుపాప పెద్దదవుతుంది

ఒక కంటికి వెలుతురు తగ్గితే రెండో కంటి పాప కూడా కాస్త విప్పారుతుంది. రెండు పాపలూ కలిసే పనిచేస్తాయి. ఎడమ కన్ను గట్టిగా మూసినా, నల్ల గుడ్డ కట్టినా, గురిచూసే కుడి కంటి పాప పెద్దదై చూపులో పదును తగ్గుతుంది. పైగా మూసిన కంటి చుట్టూ కండరాలు లాగుతుంటే అరగంటలో ముఖం అలిసిపోతుంది.

అందుకే షూటర్లు ఎడమ కంటి ముందు తెల్లటి, పాల రంగు ప్లాస్టిక్ ముక్క వేలాడదీస్తారు. వెలుతురు వస్తుంది, బొమ్మ రాదు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం కంటి ముందు పెట్టుకునే ఈ పట్టీ వెడల్పు 30 మిల్లీమీటర్లు మించకూడదు. ఊళ్లో దొరికే సరుకుతో చేసుకోవాలంటే మామూలు రక్షణ కళ్లద్దాలకి ఎడమవైపు మసక టేపు అంటిస్తే సరిపోతుంది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ షూటర్ యూసుఫ్ డికేచ్ ఏ పట్టీ లేకుండా, మామూలు కళ్లద్దాలతో, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండు కళ్లూ తెరిచి పిస్టల్ కొట్టి మిశ్రమ జట్టు రజతం గెలిచాడు. ఆ పోటీలోనే మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ మనకి కాంస్యం తెచ్చారు. డికేచ్ ఫోటో చూసి పట్టీ అక్కర్లేదనుకోకండి. ఏళ్ల తరబడి రెండు కళ్లతో కొట్టి అలవాటు పడ్డ మనిషి ఆయన.

అద్దం పెట్టుకోవచ్చు

ఇది చాలామంది షూటర్లకే తెలియదు. కుడి భుజం మీద రైఫిల్ పెట్టి ఎడమ కంటితో గురిచూసేవాళ్లకీ, ఎడమ భుజం మీద పెట్టి కుడి కంటితో చూసేవాళ్లకీ అంతర్జాతీయ నిబంధనలు ఒక ప్రత్యేక సౌకర్యం ఇచ్చాయి. చూపును ఒక కంటి నుంచి మరో కంటి ముందుకి మళ్లించే పట్టకం గానీ అద్దం గానీ వాళ్లు వాడుకోవచ్చు. షరతు ఒక్కటే, అది బొమ్మను పెద్దది చేసి చూపించకూడదు. కన్నూ భుజమూ ఒకేవైపు ఉన్నవాళ్లు దాన్ని వాడకూడదు. ప్రపంచస్థాయి పోటీల రూలు పుస్తకమే వీళ్ల కోసం ఒక ఖండిక పెట్టిందంటే, వీళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించండి.

చెయ్యి మార్చిన తకాచ్

హంగరీ సైనికుడు కారోయ్ తకాచ్ పేరుమోసిన పిస్టల్ షూటర్. 1938లో సైనిక శిక్షణలో గ్రెనేడ్ చేతిలోనే పేలి ఆయన కుడి చెయ్యి ఛిద్రమైంది. ఎవరికీ చెప్పకుండా ఎడమ చేత్తో సాధన మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే జాతీయ ఛాంపియన్. 1948 లండన్‌లో, 1952 హెల్సింకీలో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్ పిస్టల్ ఒలింపిక్ స్వర్ణం ఎడమ చేత్తోనే గెలిచాడు. ఏళ్ల తరబడి ఆడిన చేతిని పెద్దయ్యాక మార్చుకుని ఆ ఎత్తుకి వెళ్లాడంటే, ఇంకా ఏ చెయ్యీ అలవాటు కాని పన్నెండేళ్ల పిల్లకి భుజం మార్చడం ఎంత పని?

ఏది మార్చాలి?

నన్నడిగితే, జవాబు వయసును బట్టి ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకి కన్ను ఏదైతే భుజం కూడా అదే. కన్ను మారదు, భుజం మారుతుంది. మొదటి వారం ఎడమ చేతి వేలు ట్రిగ్గర్ మీద మొద్దుగా అనిపిస్తుంది. అయినా ట్రిగ్గర్ నొక్కడం అందరూ కొత్తగా నేర్చుకునే పనే కాబట్టి, కుడి చెయ్యి కూడా మొదట్లో అంతే మొద్దు. మడమ భుజానికి ఆనించి, చెంప వాల్చి, గింజను గోడ మీది చుక్క మీద నిలిపి, నెమ్మదిగా దించడం రోజూ కాసేపు చేస్తే చాలు. గుండు లేని తుపాకీ, ఎదురుగా మనిషి లేని గోడ, పక్కన పెద్దవాళ్లు, ఈ మూడూ తప్పనిసరి. స్ప్రింగ్ ఎయిర్ గన్‌ని మాత్రం పెల్లెట్ లేకుండా పేల్చకూడదు. గాలి ఒత్తిడికి అడ్డు లేక పిస్టన్ వెళ్లి గట్టిగా గుద్దుకుంటుంది, సీలు పాడవుతుంది.

కుడి భుజంతో ఏళ్ల తరబడి కొట్టిన పోలీసు కానిస్టేబులుకో, సర్వీసులో ఉన్న జవానుకో నేను భుజం మార్చమని చెప్పను. వాళ్లకి మసక పట్టీ మేలు. ఆటకి కొంటున్నవాళ్లయితే ఎడమచేతి రైఫిళ్లు విడిగా దొరుకుతాయి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ లాంటి కంపెనీలు పోటీ రైఫిళ్లు ఎడమచేతివాటానికి కూడా తయారుచేస్తాయి. మామూలు .22 బోల్ట్ రైఫిల్‌కి బోల్ట్ పిడి కుడివైపే ఉంటుంది కాబట్టి, ఎడమ భుజంతో కొట్టేవాళ్లు ప్రతి రౌండుకీ చెయ్యి పైనుంచి చాచి లాగాలి. కాస్త నెమ్మది అవుతుంది, అంతకుమించి నష్టం లేదు.

లైసెన్సు సంగతి

2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 అంగుళాల (4.5 మి.మీ.) లోపు గొట్టం, 20 జౌళ్లు మించని శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదంటే బొమ్మ తుపాకీ అని కాదు. దాని పెల్లెట్ కంట్లో పడితే కన్ను పోతుంది. మిర్యాలగూడ చుట్టూ సాగర్ ఆయకట్టు పొలాల్లో కొంగలూ గువ్వలూ కనిపిస్తే వాటి మీద సరదా తీర్చుకునేవాళ్లున్నారు. అడవి పక్షుల్ని కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

వరసలో చివరి చోటు

ఎన్‌సీసీ శిబిరంలో ఫైరింగ్ చేయించే సార్లకి ఒక్క సూచన. కుడి భుజంతో కొట్టేవాడు బోర్లా పడుకున్నప్పుడు కాళ్లు ఎడమవైపుకి ఏటవాలుగా పోతాయి. ఎడమ భుజంతో కొట్టేవాడి కాళ్లు కుడివైపుకి పోతాయి. ఎడమ భుజం కేడెట్‌ని వరస మధ్యలో పడుకోబెడితే కుడి పక్కవాడి కాళ్లూ ఈ కేడెట్ కాళ్లూ తగులుకుంటాయి, ఇద్దరి గురీ చెడుతుంది. వాళ్లందరినీ వరసకి కుడి చివరన పడుకోబెట్టండి. మామూలు రైఫిల్‌లోంచి ఖాళీ తూటా కుడివైపుకి ఎగురుతుంది, ఎడమ భుజంతో కొట్టేవాళ్ల ముఖం ఉండేదీ ఆ వైపే. కాబట్టి వాళ్లకి కళ్లద్దాలు తప్పకుండా ఇప్పించండి.